ఒక్క సున్నాకే ముద్రా?

రెండో భాషలో ఒకే ఒక్క పరీక్ష పెట్టి, మార్కులు చూసి పిల్లల్ని చురుకైనవాళ్లు, మొద్దులు అంటూ సెక్షన్లుగా విడగొట్టడం అన్యాయం. ఒకసారి పడ్డ ముద్రను తర్వాత ఎవరూ చెరపరు. మా కోపమంతా ఆ ముద్ర మీదే.

పరీక్షే లేకపోతే ఎవరు వెనకబడ్డారో తెలిసేదెలా అంటారు టీచర్లు. నిజమే, పరీక్ష ఉండాలి. కానీ అది కొలిచిందేమిటో చూసుకోవద్దా?

మౌఖిక పరీక్ష జరిగే గదిలోకి తొంగి చూడండి. బొమ్మలో కుక్క కుర్చీ కింద పడుకుంది. ఎక్కడుందని అడిగితే పాప వేలు పెట్టి చూపించింది. ‘కింద’ అనే మాట కోసం పెదవులు కదుపుతుండగానే సున్నా పడింది, పేజీ తిరిగింది. ఆ సున్నా భాషకా, భయానికా? పరాయి భాష క్లాసులో పుట్టే టెన్షన్ వేరే రకమని అమెరికా భాషా విద్యా పరిశోధకురాలు ఎలేన్ హార్విట్జ్ బృందం 1986లోనే చెప్పింది, కొలిచే సాధనమూ ఇచ్చింది. మార్కుల జాబితాలో మాత్రం దానికి గడి లేదు.

భాష పట్టుబడే తీరు కూడా అందరికీ ఒకటి కాదు. కొత్త శబ్దాన్ని చెవిలో నిలుపుకోవడం, వాక్యంలో ఏ మాట ఏ పని చేస్తోందో పసిగట్టడం, మాటలు గుర్తుంచుకోవడం, ఉదాహరణల నుంచి సూత్రం లాగడం వేర్వేరు శక్తులని అమెరికా మనస్తత్వవేత్త జాన్ కరోల్ ఏనాడో తేల్చాడు. ఒకటి ఉన్న పిల్లాడికి మరొకటి ఉండకపోవచ్చు. మాట్లాడే భాష రెండేళ్లలో వచ్చినా, పాఠాల భాషకు ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందన్నాడు కెనడా విద్యా పరిశోధకుడు జిమ్ కమిన్స్. ఆటల్లో గలగలా మాట్లాడి పేపర్ ముందు బిక్కమొహం వేస్తే అది బద్ధకమా?

ఈ ముద్ర ఎంత దూరం పోతుందో కాలిఫోర్నియాలో చూశాం. ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లలకు ఇంగ్లిష్‌లో తెలివితేటల పరీక్ష పెట్టి మందబుద్ధుల తరగతుల్లో పడేశారు. ఆ పిల్లల తరఫున వేసిన ‘డయానా’ కేసు 1970లో రాజీతో ముగిశాక గానీ ఇంటి భాషలోనూ పరీక్షించాలన్న నియమం రాలేదు. కోర్టుకెక్కితే తప్ప తెలియని సంగతా ఇది?

వార్షికోత్సవంలో మైకు పట్టుకుని ‘ప్రతి బిడ్డా ప్రత్యేకమే’ అనే పెద్దలే మర్నాడు సెక్షన్ల జాబితా మీద సంతకం పెడతారు. ఆ ఉపన్యాసాలు చాలు. ముందు ఆ పేజీ వెనక్కి తిప్పి, పాపను ఇంకోసారి అడగండి. ఈసారి ఆమె నోరు తెరిచేదాకా ఆగండి.