గేటు దగ్గరి అట్టపెట్టె గారికి

మహారాజశ్రీ అట్టపెట్టె గారికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ మీరు మా గేటు దగ్గర దిగారంటేనే ఎవరికో కుశలం తప్పిందని లెక్క. కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

మొన్న మంగళవారం పొద్దున్నే పాలప్యాకెట్ కోసం గేటు తీస్తే మీరున్నారు, బంగినపల్లి మామిడిపళ్ళ పెట్టె అవతారంలో. అబద్ధం ఎందుకు, నాకు నోరూరింది. ఊరి నుంచి మా పిన్ని పంపిందేమో అనుకుని మూత తీశాను. లోపల పళ్ళు లేవు. పళ్ళు కూడా రాని పిల్లిపిల్లలు నాలుగున్నాయి. ఇంకా కళ్ళు తెరవలేదు, అంటే పుట్టి వారం, మహా అయితే పది రోజులు. అడుగున గడ్డి, దాని మీద చిరిగిన నైటీ ముక్క, ఓ మూల ప్లాస్టిక్ మూతలో పాలు, పక్కన రెండు గ్లూకోజ్ బిస్కెట్లు. పాలల్లో ముంచుకుని తింటాయనుకున్నారు కాబోలు.

మీ మూత మీద ఓ చీటీ. "మీరు పిల్లుల్ని బాగా చూసుకుంటారని విన్నాం. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి." మా మీద ఇలాంటి ప్రచారం ఎవరు చేస్తున్నారో గానీ, మాకు కిట్టనివాళ్ళే అయ్యుంటారు.

మా సంగతి మీకు తెలియనిది కాదు. ఐదుగురం, మూడు బోన్లు, రెండు స్కూటర్లు. ఆఫీసుల నుంచి వచ్చాక హైదరాబాద్ గల్లీల్లో తిరిగి వీధి పిల్లుల్ని పట్టడం, ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడం, పట్టిన చోటే వదిలిరావడం, ఇదీ మా పని. మాకు ఆశ్రమం లేదు, షెల్టర్ లేదు. నా బాల్కనీ ఉంది. అందులో మా ఆయన సైకిల్ కూడా ఉంది.

మీ మహిమ మాత్రం గొప్పది. పిల్లికూనల్ని చేత్తో పట్టుకొచ్చి రోడ్డు మీద వదిలేస్తే పాపం. అవే కూనల్ని మీలో పెట్టి మా గేటు దగ్గర వదిలేస్తే పుణ్యం. గంగలో మునిగినా ఇంత త్వరగా కడుక్కుపోదు. ఆకలికి మాడిపోయేలా జంతువును వదిలేయడం నేరమని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం చెప్పింది. మొదటిసారి దొరికితే పది నుంచి యాభై రూపాయల జరిమానా అని అప్పట్లోనే రాసేశారు. ఆ యాభైకి మీలో వచ్చే మామిడిపళ్ళు కిలో కూడా రావు.

మీరు గేటు దాకానే వస్తారు, లోపలి సంగతులు చూడరు కాబట్టి చెప్తున్నాను. చల్లబడిపోయిన పిల్లకి పాలు పడితే అరగవు. ముందు దాన్ని వెచ్చబెట్టాలి, వేడినీళ్ళ సీసాకి తువ్వాలు చుట్టి. ఆవుపాలు పడితే విరేచనాలు, అందుకని పిల్లికూనల పాలపొడి కలపాలి. రెండు మూడు గంటలకోసారి, రాత్రీ పగలూ. మన పిల్లల్లా వెల్లకిలా పడుకోబెట్టకూడదు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తాగాక తడి దూదితో కింద మెల్లగా రుద్దితేనే ఉచ్చ పోస్తాయి, వాటంతట అవి పోయలేవు. తల్లి ఇదంతా నాలుకతో చేస్తుంది. నేను రాత్రి రెండింటికి, నాలుగింటికి అలారం పెట్టుకుని, తిట్టుకుంటూ చేస్తాను. బుధవారం మీటింగులో కునుకు తీస్తుంటే మా మేనేజరు, "ఇంట్లో పసిపాప ఉందా మేడమ్?" అన్నాడు. "నలుగురు సార్" అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు.

నవ్వు రాని కథలూ ఉన్నాయి. పోయినేడు మీ జాతివాడే, ఓ చెప్పుల పెట్టె, వాంతులు చేసుకుంటున్న రెండు నెలల పిల్లని మోసుకొచ్చాడు. పాన్‌ల్యూకోపీనియా, పిల్లులకొచ్చే ప్రాణాంతకమైన అంటురోగం. ఆ వైరస్ గదిలో ఏడాది దాకా బతికుండగలదు. పిల్ల మూడు రోజులే బతికింది. బాల్కనీ మొత్తం బ్లీచింగుతో కడిగి, నెలల తరబడి ఇంకో పిల్లని తేలేకపోయాను.

అసలు విషయం ఇది. మీరు మోసుకొచ్చేవి చాలాసార్లు అనాథలు కావు. తల్లి తిండి కోసం వెళ్తే గంటల తరబడి రాదు. ఆ లోపు ఎవరికో జాలి పుడుతుంది, ఆ జాలికి మీరు దొరుకుతారు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. మీరు ఎనిమిదో ఇల్లు చూపిస్తున్నారు, తల్లికి చిరునామా చెప్పకుండా.

చిరునామా అంటే గుర్తొచ్చింది. మీ మీది కొరియర్ కాగితాన్ని చింపారు గానీ సగమే ఊడింది. పక్క వీధి అపార్ట్‌మెంట్ పేరు, 304 అనే అంకె మిగిలాయి. బుధవారం సాయంత్రం పిల్లలతో సహా మిమ్మల్ని చంకలో పెట్టుకుని వెళ్ళి బెల్ కొట్టాను. తలుపు తీసిన ఆంటీ ముందు మిమ్మల్ని చూశారు, తర్వాత నన్ను.

"మా పిల్లి కాదమ్మా. మెట్ల కింద పెట్టింది. జాలేసి..."

"తల్లి ఏదాంటీ?"

"అదే కదా, రెండు రాత్రుల్నుంచి మెట్ల చుట్టూ తిరుగుతూ ఒకటే అరుపు. మాకు నిద్దర్లేదు. దాన్ని కూడా మీరే తీసుకుపోతే..."

మిమ్మల్ని మెట్ల కింద పెట్టి, స్కూటర్ల వెనక నక్కి కూర్చున్నాం, నేనూ వాచ్‌మనూ. చీకటి పడ్డాక వచ్చింది. నలుపు, తెలుపు, నారింజ మూడు రంగులూ ఉన్న పిల్లి. పొదుగు గట్టిపడి కిందకి వేలాడుతోంది. మీలోకి తల పెట్టి, ఒక్కోదాన్నీ వాసన చూసి, మెడ పట్టుకుని జనరేటర్ గదిలోకి మోసింది. నాలుగోదాన్ని తీసుకెళ్ళాక మళ్ళీ వచ్చి, ఇంకేమైనా మిగిలాయేమో అని మీలో ఓసారి వెతికి వెళ్ళింది. పిల్లులకి లెక్కలు రావనుకుంటాను. వాచ్‌మన్ కళ్ళు తుడుచుకుని, దోమలన్నాడు.

ఇప్పుడు ఈ తల్లిని వదిలేస్తే లాభం లేదు. పాలిస్తుండగానే మళ్ళీ కట్టగలదు, రెండు నెలల్లో ఇంకో కాన్పు, ఇంకో పెట్టె. పిల్లలు పాలు మానాక జూలై చివర్లో బోను పెట్టాలి. మొదటిసారే పడాలి. ఒకసారి బోను తలుపు పడి తప్పించుకున్న పిల్లి, తెనాలి రామకృష్ణుడి పిల్లి పాలగిన్నెను చూసినట్టు చూస్తుంది దాన్ని. ఆపరేషన్ అయ్యాక, మత్తులో ఉండగానే చెవి కొస కాస్త కత్తిరిస్తారు, మళ్ళీ ఎవరూ పట్టకుండా గుర్తు. అది చూసి ఆ అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో "చెవి కోసిన రాక్షసులెవరు?" అని మెసేజ్ పెడతారు. పోయినసారీ పెట్టారు.

మీరు ప్రస్తుతం మా బాల్కనీలో, సైకిల్ పక్కన ఉన్నారు. వచ్చే వేసవిలో ఖాళీగా రాకండి, పళ్ళతో రండి.

ఇట్లు,
తమ విధేయురాలు

తా.క. బోనులో ఎరకి నెత్తళ్ళు నేనే తెస్తానని 304 ఆంటీ మాటిచ్చారు. వేయించక్కర్లేదని, కారం అసలే వద్దని రెండుసార్లు చెప్పాను.