సవరణ: అలంపురం తొమ్మిది గుడులు

తొమ్మిది అంకె విశేషాలపై ఇంతకుముందు రాసినదానిలో నవగ్రహాలు, నవధాన్యాలు, తొమ్మిది రోజుల బతుకమ్మతో పాటు అలంపురం నవబ్రహ్మ ఆలయాలను పేర్కొంటూ, అవి బ్రహ్మదేవునికి కట్టిన గుడులని రాశాను, అది తప్పు. పురావస్తు శాఖ వివరాలు, చరిత్ర గ్రంథాలు చెప్పేదాని ప్రకారం, క్రీ.శ. 7, 8 శతాబ్దాలలో బాదామి చాళుక్యుల కాలంలో తుంగభద్ర ఒడ్డున వెలసిన ఆ తొమ్మిదీ శివాలయాలే. బ్రహ్మ ఇక్కడ శివుని గూర్చి తపస్సు చేశాడని స్థలపురాణం చెబుతుంది కాబట్టి బాల, కుమార, అర్క, వీర, విశ్వ, తారక, గరుడ, స్వర్గ, పద్మ అనే పేర్లన్నింటి చివరా ‘బ్రహ్మ’ చేరింది (పేరు చూసి పొరబడేది ఇక్కడే). కొందరు పాఠకులు జోగులాంబ అమ్మవారి గుడిని కూడా కలిపి లెక్కించారు. అదిగానీ, పాపనాశి గుడుల సముదాయంగానీ ఈ తొమ్మిదిలోకి రావు.