రిజెక్ట్ డబ్బాలోని అతుకు

బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో నాకు తెలిసిన ప్లేటింగ్ షాపు ఒకటుంది, కరెంటుతో లోహపు పూత వేసేది. సూపర్‌వైజర్‌ది మదనపల్లె. గుమ్మం పక్కనే రిజెక్ట్ డబ్బా పెట్టుకుంటాడు. మొన్న వెళ్ళినప్పుడు అందులోంచి రెండు వాషర్లు తీసి నా చేతిలో పెట్టాడు. రెండు కాదు, ఒకటే. ముక్కల్ని వేసి తిప్పే పీపా (బ్యారెల్) తిరిగేటప్పుడు బల్లపరుపు ముక్కలు ఒకదానికొకటి అంటుకుంటే, అంచు చుట్టూ నికెల్ పెరిగి రెంటినీ కలిపేస్తుందట. గోటితో గిల్లాను, ఊడలేదు. స్క్రూడ్రైవర్ మొన దూర్చి తిప్పితే స్క్రూడ్రైవరే జారింది. "దేనికీ పనికిరావు సార్. పార్టీ వాపసు కొడతాడు" అన్నాడు.

ఆ పనికిరాని అతుకే గడియారాల లోకంలో ఒక పనితనం. ప్లేటింగ్ అంటే మనకు పైపూత. గిల్టు నగ అన్న మాటలోనే మోసం వాసన ఉంది. పూతగా కాక, రెండు ముక్కల్ని కలిపే కీలుగా దాన్ని చూసే అలవాటు మనకు లేదు. బెంగళూరుకు కూడా లేదు. నా ఫిర్యాదు అక్కడే.

గడియారంలో ఈ అవసరం సిలికాన్‌తో వచ్చింది. 2001లో యులిస్ నార్డిన్ కంపెనీ తన 'ఫ్రీక్' వాచీలో సిలికాన్ ఎస్కేప్ వీల్ (టిక్ టిక్‌ను నడిపించే పళ్ళ చక్రం) పెట్టింది. 2006లో పటెక్ ఫిలిప్ సిలికాన్ హెయిర్ స్ప్రింగ్ (బ్యాలెన్స్ చక్రాన్ని అటూ ఇటూ ఊపే సన్నటి స్ప్రింగు) తెచ్చింది. సిలికాన్ తేలిక, అయస్కాంతం అంటదు, నూనె గొడవ తగ్గుతుంది. చిక్కల్లా బిగించడంలోనే. పాత పద్ధతిలో చక్రం రంధ్రాన్ని ఇరుసు కన్నా కొన్ని మైక్రాన్లు బిగువుగా చేసి, నొక్కి దింపుతారు. ఇత్తడి కాస్త సాగి ఇరుసును పట్టుకుంటుంది. సిలికాన్‌కు సాగడం తెలీదు. నొక్కితే పగులుతుంది, అంతే.

జిగురు పెట్టొచ్చు కదా అంటే, పెట్టొచ్చు. కానీ జిగురు ముదురుతుంది, ఆవిర్లు వదులుతుంది. సెకనుకు 8 సార్లు కొట్టుకునే వాచీలో ఆ అతుకు రోజుకు 6,91,200 కుదుపులు తినాలి. ఏడాదికి 25 కోట్ల పైమాటే.

ప్లేటింగ్ దారి వేరు. రంధ్రాన్ని వదులుగానే ఉంచుతారు. ఇరుసును మధ్యలో నిలబెట్టి, చుట్టూ సందు సమంగా ఉండేట్టు జిగ్‌లో (కదలకుండా పట్టే చట్రంలో) పట్టి బాత్‌లో, అంటే ప్లేటింగ్ ద్రావణం తొట్టిలో, దించుతారు. రంధ్రం గోడకు ముందే పల్చటి బంగారు పొర వేసి ఉంటుంది, లోహం పట్టుకోవడానికి. మిగతా ఒళ్ళంతా రెసిస్ట్‌తో, అంటే లోహం అంటనివ్వని పూతతో, మూసేస్తారు. కరెంటు ఇస్తే రెండు గోడల మీదా లోహం పెరిగి మధ్యలో కలుసుకుంటుంది. నొక్కుడు లేదు, కొలిమి లేదు. 50 డిగ్రీల దగ్గర, మనం తాగే టీ కన్నా చల్లటి ద్రావణంలో పని జరిగిపోతుంది. చదరపు డెసిమీటరుకు ఒక ఆంపియర్ ఇస్తే నికెల్ గంటకు సుమారు 12 మైక్రాన్లు పెరుగుతుంది. పది మైక్రాన్ల సందు రెండు వైపుల నుంచీ పూడితే, లెక్క ప్రకారం అరగంట కూడా పట్టదు.

లెక్క ప్రకారం. బాత్‌లో సంగతి వేరు. సందు మూతి దగ్గర కరెంటు చిక్కబడుతుంది. అక్కడ లోహం తొందరగా పెరిగి తలుపు మూసేస్తుంది, లోపల ద్రావణం చిక్కుకుపోతుంది. అచ్చంగా పైన పటారం, లోన లొటారం. కంప్యూటర్ చిప్పుల్లో రాగి తీగలు నింపేవాళ్ళకూ ఇదే తలనొప్పి వచ్చింది. 1997లో ఐబీఎం రాగి చిప్పులు ప్రకటించడం వెనకున్న కిటుకుల్లో ఇదొకటి: మూతి దగ్గర పెరుగుదలను అణిచి, అడుగున ఉరకలెత్తించే రసాయనాలు కలపడం. గడియారం వాళ్ళకు ఆ పాఠం పనికొస్తుంది.

తర్వాతి చిక్కు ఆ నికెల్‌లోనే ఉంది. వాట్స్ బాత్ అనే మామూలు నికెల్ ద్రావణంలో పేరుకున్న నికెల్ తనలో తానే ముడుచుకోవాలని చూస్తుంది. బోల్టు మీద ఆ లాగుడును ఎవరూ పట్టించుకోరు. సిలికాన్ అంచు మీదైతే అది పగులు. అందుకే ఒత్తిడి తక్కువుండే సల్ఫమేట్ బాత్ కావాలి. పైగా నికెల్ అయస్కాంతానికి అంటుకునే లోహం. అయస్కాంతం గొడవ వద్దని సిలికాన్ తెచ్చుకుని, దాని మెడకే నికెల్ కడితే ఏం లాభం? ఫాస్ఫరస్ 12 శాతం దాకా కలిసిన నికెల్ గానీ, బంగారం గానీ వాడుకోవాలి. ఇక ప్లేటింగ్‌లో పుట్టే హైడ్రోజన్. గట్టి ఉక్కులోకి అది దూరితే పెళుసుతనం వస్తుంది. బోల్టులనైతే 200 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఓవెన్‌లో పెట్టి వెళ్ళగొడతారు. ఇక్కడ ఆ ఓవెన్ తలుపు తెరవడానికే భయం, ఎందుకంటే వేడికి నికెల్ సిలికాన్ కన్నా సుమారు 5 రెట్లు ఎక్కువ సాగుతుంది.

ఇవన్నీ తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో ఉన్నారు. ఎవరి గదిలో వాళ్ళున్నారు. 1961లో సిటిజన్ సహకారంతో హెచ్ఎంటీ వాచీలు మొదలుపెట్టింది ఇక్కడే. 2016లో కేంద్రం ఆ వాచీల కంపెనీని మూసేయాలని నిర్ణయించింది గానీ, అక్కడ పనిచేసిన చేతులు ఊళ్ళోనే ఉన్నాయి. గంటన్నర దూరంలో హోసూరులో టైటన్ ఉంది. సిలికాన్‌ను చెక్కి బంగారు పొర వేసే క్లీన్‌రూమ్ (దుమ్ము చొరబడని ల్యాబు) ఐఐఎస్‌సీలో, అంటే భారతీయ విజ్ఞాన సంస్థలో, ఉంది. అక్కణ్ణించి పీణ్యకు పది కిలోమీటర్లు కూడా ఉండదు (తుమకూరు రోడ్డు ట్రాఫిక్‌లో గంట పడుతుంది, అది వేరే సంగతి). క్లీన్‌రూమ్‌లో వాళ్ళకు ప్లేటింగ్ అంటే మురికి పని. పీణ్య భూగర్భజలాల్లో చేరిన క్రోమియం చూస్తే ఆ మాట పూర్తిగా తప్పనీ అనలేం. పీణ్యవాళ్ళకు సిలికాన్ అంటే ఫోన్లలో ఉండేది.

ఒక అభ్యంతరం మాత్రం నన్ను వదల్లేదు. మా నాన్న హెచ్ఎంటీ జనతా బ్యాలెన్స్ ఇరుసు విరిగితే, చిక్‌పేటలో ఒక పెద్దాయన పాతదాన్ని కొట్టి తీసి కొత్తది దింపాడు. ఈ సిలికాన్ అతుకు గురించి చెబితే, "అయితే రిపేరు లేదన్నమాట బాబూ" అన్నాడు. నిజమే. ఇలా కలిసింది ఊడదు. చక్రం పాడైతే ఇరుసుతో సహా పోతుంది. నేను ఈ పద్ధతికి ఓటేస్తున్నది ఖరీదైన వాచీల కోసం కాదు కూడా. గాజు, సిరామిక్, సిలికాన్ లాంటి పెళుసు ముక్కల్ని లోహానికి కలపాల్సిన సెన్సార్లు, వైద్య పరికరాలు ఎన్నో ఉన్నాయి. వాచీ అందులో అతి కఠినమైన పరీక్ష, అంతే.

అడ్డం పడేది రసాయనం కాదు, రేటు కార్డు అనిపిస్తుంది నాకు. బోల్టులూ వాషర్లూ కిలో లెక్కన ప్లేటింగ్‌కు వస్తాయి. మెరుపు చూసి డబ్బులిస్తారు. మూతి మూసుకుందా, లోపల బోలుందా అని చూసే మైక్రోస్కోపుకు ఆ రేటులో చోటు లేదు. బాత్‌ను రోజూ పరీక్షించే కుర్రాడి జీతానికీ లేదు.

ఇదంతా మదనపల్లె ఆయనకు వివరించాను, సందు, ఇరుసు బొమ్మ కాగితం మీద గీసి మరీ. శ్రద్ధగా విన్నాడు. చేతిలోని వాషర్ల జంటను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. డబ్బాలో మళ్ళీ వెయ్యలేదు, చొక్కా జేబులో వేసుకున్నాడు.

"చేయొచ్చు సార్. కిలో లెక్కా, పీసు లెక్కా?"