ఆ ఇళ్లకు పరామర్శ ఇంకా బాకీ ఉంది

కరోనా నుంచి బయటపడి చాలా కాలమైందని అందరం అనుకుంటున్నాం. మాస్కులు పోయాయి, పెళ్లిళ్లు మళ్లీ వందల మందితో జరుగుతున్నాయి, రైళ్లు కిటకిటలాడుతున్నాయి. సంతోషమే. కానీ నా మనసులో చాలా రోజుల నుంచి ఒక బాధ ఉంది, ఇవాళ చెప్పేస్తాను. మనం బయటికొచ్చిన పద్ధతి బాగాలేదు. తలుపులు తెరుచుకోగానే ముందు వెళ్లాల్సిన ఇళ్లు కొన్ని ఉన్నాయి. వాటిని దాటుకుని షాపింగులకూ ఫంక్షన్లకూ వెళ్లిపోయాం.

మన దగ్గర మనిషి పోతే ఏం జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వరు, పక్కిళ్ల నుంచి అన్నం వస్తుంది. పెద్దకర్మ అయ్యేదాకా వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు. ప్రతి ఒక్కరూ అదే అడుగుతారు, "ఎలా జరిగిందమ్మా?" అని. ఆ ఇంటి మనిషి మొదటి నుంచి మళ్లీ చెబుతుంది. పొద్దున్న చెప్పిందే మధ్యాహ్నం, మధ్యాహ్నం చెప్పిందే సాయంత్రం. చిన్నప్పుడు నాకు ఇది విసుగ్గా ఉండేది, అదే మాట ఎన్నిసార్లు చెప్పిస్తారని. ఇప్పుడు తెలుస్తోంది. అన్నిసార్లు చెబితే తప్ప, జరిగింది నిజమని చెప్పేవాళ్లకే నమ్మకం కుదరదు. విన్నవాళ్లు కాసేపు కూర్చుని, "వెళ్లొస్తాం" అనకుండా లేచి వెళ్లిపోతారు. మళ్లీ ఇంకొకరు వస్తారు.

2021 మే నెలలో మా ఇంటికి ఎవరూ రాలేదు. రావాలన్నా వీల్లేదు. మే 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కర్ఫ్యూ, పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకే బయట తిరగాలి. 12 నుంచి తెలంగాణలో లాక్‌డౌన్, పది గంటలకల్లా షట్టర్లు దించేయాలి. నాన్న పోయారని ఫోన్ చేస్తే హైదరాబాద్‌లో ఉన్న మా మేనమామ అటువైపు ఏడుస్తూ ఉండిపోయాడు, తోడబుట్టిన చెల్లెలి దగ్గరికి రాలేకపోయాడు. అమ్మకీ పాజిటివే, లోపలి గదిలో ఒక్కతే ఉంది. నాన్నను కడసారి చూడలేదు. పెద్దకర్మ వాట్సాప్ వీడియోలో జరిగింది. పంతులుగారు ఫోన్లో చెబుతుంటే తమ్ముడు చేశాడు.

ఆ రోజుల్లో రాలేదని నేను ఎవర్నీ తప్పుపట్టను. మా వీధివాళ్లు రోజూ గేటుకి క్యారేజీ తగిలించి, తలుపు తట్టి వెళ్లేవారు. ఆ అన్నం రుణం తీరేది కాదు. నా కోపం దాని తర్వాత జరిగినదాని మీద.

జూన్‌లో సడలింపులొచ్చాయి. ఆగస్టు 16న స్కూళ్లు తెరిచారు. టీకాలు వేయించుకున్నాం, బస్సులు తిరిగాయి. అయినా మా ఇంటికి రావాల్సినవాళ్లు రాలేదు. ఆలస్యమైపోయింది కదా, ఇప్పుడు వెళ్తే బాగోదేమో అనుకుని ఉంటారు. ఆ మరుసటి ఏడు దగ్గరి బంధువుల పెళ్లి. ఏడాది తిరగలేదని అమ్మ రాలేదు, నేనొక్కదాన్నే వెళ్లాను. భోజనాల దగ్గర ఒక పెద్దాయన నన్ను గుర్తుపట్టి నవ్వుతూ అడిగారు, "నాన్నగారు రాలేదేమ్మా?" అని. ఆయనకు తెలియదు. పాపం, ఆయన తప్పేం లేదు. చుట్టూ ఉన్నవాళ్లలో తెలిసినవాళ్లు గబగబా మాట మార్చేశారు, బూస్టర్ డోసు గురించి, హైవే మీద ట్రాఫిక్ గురించి. ఆ పెద్దాయన చెయ్యి పట్టుకుని, నాన్న పోయారండీ అని నేనే చెప్పాను. ఆయన విస్తరి ముందు నుంచి లేచిపోయారు. ఆ పెళ్లిలో నాన్న కోసం కళ్లనీళ్లు పెట్టుకున్నది ఆయనొక్కరే.

సుప్రీంకోర్టు ఆదేశాలతో కోవిడ్ మృతుల కుటుంబాలకు 50 వేల పరిహారం ఇచ్చారు కదా. దానికి దరఖాస్తు పెట్టేటప్పుడు ఎప్పుడు టెస్టు చేయించారు, ఎక్కడ చేర్చారు, ఏ రోజు పోయారు అని అన్నీ రాయాల్సొచ్చింది. అప్పటిదాకా మమ్మల్ని ఆ వివరాలన్నీ అడిగినవాళ్లు లేరు. ఇంతమంది బంధువులుండి, అడిగింది ఒక కాగితం.

అమ్మ మాత్రం బయటికి రాలేదు. ఊరంతా మామూలైపోయాక కూడా పాల ప్యాకెట్ సబ్బు నీళ్లతో కడిగేది. పేపరు ఒక పూట ఎండలో పెట్టిగానీ ముట్టుకునేది కాదు. ముందు గదిలోకి వచ్చేది కాదు. భయం అని డాక్టరు మందులు రాశారు, అవీ కొంత పనిచేశాయి, కాదనను.

సంవత్సరీకం అయ్యాక ఒక రోజు నాన్నతో పాటు మిల్లులో గుమాస్తాగా చేసినాయన వచ్చారు. ఆయన కూడా ఆ మే నెలలోనే ఆక్సిజన్ మీద ఉండి బతికారట. కుర్చీలో కూర్చుని, చుట్టూ తిప్పకుండా, "జ్వరం ఏ రోజు మొదలైంది చెల్లెమ్మా?" అని అడిగారు. అంతే, అమ్మ మొదలుపెట్టింది. ఆదివారం ఒళ్లు వెచ్చబడటం, చారు రుచి తెలియడం లేదనడం, సీటీ స్కాన్‌లో స్కోరు 25కి 16 రావడం, బెడ్డు కోసం తమ్ముడు తిరిగిన ఊళ్లు, వేలికి పెట్టే మిషన్లో అంకె 90 నుంచి 84కి దిగడం. చివరి వీడియో కాల్‌లో నాన్న మాస్కుతో మాట్లాడలేక రెండు వేళ్లతో మర తిప్పినట్టు చూపించారట. గ్యాస్ కట్టేశావా అని. రోజూ రాత్రి పడుకోబోయే ముందు అడిగే మాటే అది. ఏడాదిగా అమ్మ పక్కనే ఉన్నాను, ఈ సంగతి నాకు తెలియదు. నేను అడగలేదు గనక చెప్పలేదు. నేను గుర్తుచేస్తే తను తట్టుకోలేదని నేనూ, తను చెబితే నేను తట్టుకోలేనని తనూ.

ఆయన మధ్యలో ఓదార్చలేదు. "దైవ నిర్ణయం" లాంటివేవీ అనలేదు. "తర్వాత?" అంటూ విన్నారు. ఆ తర్వాత అమ్మకు అంతా నయమైపోయిందని చెప్పను. ఆ వారం మాత్రం పిన్ని వాళ్ల ఊరికి బస్సెక్కింది. అందరికీ అన్‌లాక్ ఎప్పుడో అయింది, మా అమ్మకి అప్పుడైంది.

పాత గాయాలు ఇప్పుడెందుకు కెలకడం అంటారు కొందరు. గాయం మానిపోయిందని మీకెవరు చెప్పారు? బాలసుబ్రహ్మణ్యం గారు 2020 సెప్టెంబరు 25న పోయినప్పుడు ఇంటింటా టీవీల ముందు అందరం బాహాటంగా ఏడ్చాం. నెలల తరబడి ఆయన పాటలు తల్చుకుంటూ మాట్లాడుకున్నాం. ఎవరూ గాయం కెలకొద్దు అనలేదు. మన ఇళ్లల్లో పోయినవాళ్ల గురించి కూడా అలాగే మాట్లాడుకోవాలి కదా.

అందరిదీ అదే పరిస్థితి, ఎవరు ఎవరిని ఓదార్చాలి అన్నది ఇంకో మాట. అధికారిక లెక్కల్లోనే దేశంలో 5 లక్షల 30 వేల మందికి పైగా పోయారు. 2020, 2021 రెండేళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన అంచనా 47 లక్షలు, దాన్ని మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఏ లెక్క తీసుకున్నా ఈ ఇళ్లు మీ వీధిలోనో, మీ ఆఫీసులోనో, మీ చుట్టాల్లోనో తప్పకుండా ఉంటాయి. 2023 మే 5న కోవిడ్ ఎమర్జెన్సీ ముగిసిందని ఆ సంస్థ ప్రకటించింది. సరిగ్గా రెండేళ్ల ముందు అదే తేదీన మా రాష్ట్రంలో కర్ఫ్యూ మొదలైంది. ఆ ప్రకటన వార్త చదివి పేపరు మడిచి పక్కన పెట్టడానికి నా చేతులు రాలేదు.

కాబట్టి అడుగుతున్నాను, ఇప్పుడైనా వెళ్లండి. ముందుగా ఫోన్ చేసి వెళ్లండి. పోయినవాళ్ల పేరు పెట్టి మాట్లాడండి, ఎలా జరిగిందో అడగండి, వాళ్లు ఆగినచోట తొందరపెట్టకండి. ఏడిస్తే ఏడవనివ్వండి. భార్య పోయిన మగవాళ్లను కూడా అడగండి, వాళ్లను అసలెవరూ అడగరు. అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న పిల్లలు ఇప్పుడు కాలేజీల్లో ఉన్నారు, వాళ్లకి మీ దగ్గరున్న పాత ఫొటో ఏదైనా ఉంటే పట్టుకెళ్లి ఇవ్వండి. ఇన్నేళ్ల తర్వాత ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి అంటారా? "అప్పుడు రానివ్వలేదు, అందుకే ఇప్పుడొచ్చాం" అనండి. మా ఇంట్లో అయితే ఆ మాటకి అమ్మ కుర్చీ వేస్తుంది.