సవరణ: డెలివరీ వ్యాన్ మీటర్ మార్చడంపై నేను రాసిన రెండు తప్పులు

పోయిన వారం మా ఎలక్ట్రిక్ డెలివరీ వ్యాన్‌లో వేగం, తిరిగిన కిలోమీటర్లు చూపించే డిజిటల్ మీటర్ మార్చిన సంగతి రాస్తూ, వేరే పాత బండి మీటర్ తెచ్చి సాకెట్ పెడితే చాలు అన్నాను. అది తప్పు, దయచేసి అలా చేయకండి. చాలా బండ్లలో తిరిగిన కిలోమీటర్ల లెక్క మీటర్‌లోనే ఉంటుంది కాబట్టి వేరే బండిది పెడితే దాని లెక్కే కనిపిస్తుంది; మా బండి 41,000 దాటింది, బిగించిన మీటరేమో 18,000 చూపించింది, సర్వీసు, వారంటీ, రేపు అమ్మితే వచ్చే ధర అన్నీ ఆ అంకె మీదే కదా. కొత్త మీటరే తీసుకుని, ఛాసిస్ నంబరు, పాత రీడింగ్ సర్వీస్ సెంటర్‌లో స్కానర్‌తో ఎక్కించుకోండి. బిల్లు మీద కూడా రాయించుకోండి.

ఇంకోటి, 12 వోల్టుల బ్యాటరీ నెగటివ్ తీస్తే బండిలో కరెంటే ఉండదని రాశాను. మీటర్ వరకు సరే, బండిని నడిపే పెద్ద బ్యాటరీ ప్యాక్‌లో మాత్రం కరెంటు అలాగే ఉంటుంది, దాని హై వోల్టేజ్ కరెంటు మోసే నారింజ రంగు కేబుళ్ల జోలికి అస్సలు పోవద్దు. బండి ఆపకుండా నెగటివ్ తీసినా డీసీ-డీసీ కన్వర్టర్ (పెద్ద బ్యాటరీ కరెంటును 12 వోల్టులకు తగ్గించే పరికరం) ఆ 12 వోల్టుల లైనుకి కరెంటు ఇస్తూనే ఉంటుంది.

అసలు మా మీటర్ వెనక కనెక్టర్‌లో ఒక పిన్ను పచ్చగా చిలుము పట్టి ఉంది. మీరు మీటర్ మార్చే ముందు అది చూడండి.