వాగ్నర్ గారి నాలుగు మూలలు

మనిషి గొప్పతనాన్ని అతడు చేసిన పనిని బట్టి కొలవడం పాతకాలపు మోటు పద్ధతి. అమెరికాలో బేస్‌బాల్ కార్డులు సేకరించే పెద్దలు దానిని ఎప్పుడో విడిచిపెట్టి, ఆటగాడి బొమ్మ అచ్చయిన అట్టముక్క మూలలు ఎంత వాడిగా ఉన్నాయన్న శాస్త్రీయమైన కొలమానానికి మారారు. పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టుకు ఆడుతూ నేషనల్ లీగ్ అనే బేస్‌బాల్ పోటీలో బ్యాటింగ్ కిరీటాన్ని 8 సార్లు గెలిచి, 1936లో ఆ ఆట మహామహుల గౌరవ పీఠమైన హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నికైన తొలి ఐదుగురిలో ఒకడైన హోనస్ వాగ్నర్, పాపం, ఈ సంగతి తెలియక అనవసరంగా చెమటోడ్చాడు.

1909 నుంచి 1911 వరకు అమెరికన్ టొబాకో కంపెనీ తన సిగరెట్ పెట్టెల్లో వేసి పంచిన కార్డులను నేడు టీ206 వరుస అంటారు. అందులో వాగ్నర్ కార్డు ముద్రణ మొదట్లోనే ఆగిపోయింది. తన బొమ్మ కోసం పిల్లలు సిగరెట్లు కొనకూడదని ఆయనే అడ్డుపడ్డాడని ఒక కథ ఉంది, డబ్బు దగ్గర పేచీ వచ్చిందని ఇంకో కథ ఉంది. స్వయంగా పొగాకు నమిలే మనిషి కనుక మొదటి కథను కొందరు నమ్మరు గానీ, తాను నమిలేది పిల్లలకు వద్దనుకోవడం మన ఇళ్లలో తాతలందరూ చేసే పనే. ఏమైతేనేం, ఇప్పుడు మిగిలినవి అరవైకి అటూ ఇటూగా ఉంటాయని అంచనా.

వాటిలో అందాల రాణి ఒకటుంది. ఐస్ హాకీ తార వేన్ గ్రెట్జ్‌కీ తన జట్టు యజమానితో కలిసి 1991లో సోథెబీస్ వేలంలో దానిని 4,51,000 డాలర్లకు కొన్నాడు. కార్డులకు మార్కులు వేసే పీఎస్ఏ సంస్థ ధ్రువపత్రాల్లో మొట్టమొదటిది దీనికే దక్కింది, పదికి ఎనిమిది మార్కులతో. సిగరెట్ పెట్టెలో పుట్టి ఎనభై ఏళ్లు గడిచినా, బీరువాలో మడత విప్పని పట్టుచీరలా మెరుస్తున్న ఆ అంచులు చూసి లోకం చేతులు జోడించింది. 2007 నాటికి ధర 28 లక్షల డాలర్లకు చేరింది. ఆ అంచులను తానే కత్తిరించి సరిచేశానని వేలంపాటలు నిర్వహించిన బిల్ మాస్ట్రో 2013లో కోర్టు వ్యవహారంలో ఒప్పుకున్నాడు. కత్తిరించిన కార్డుకు మార్కులు ఇవ్వరాదన్నది ఈ రంగంలో ప్రాథమిక నియమం. అయితే ఏ అంచులు చూసి పరవశించి ఎనిమిది ఇచ్చారో ఆ అంచులు నిజంగానే అందంగా ఉన్నాయి కదా. వాటిని కాలం కాపాడిందా, కత్తెర కాపాడిందా అని ఆరా తీయడం మర్యాదస్తుల లక్షణం కాదు.

(జెఫర్సన్ బర్డిక్ అనే పుణ్యాత్ముడు ముప్పై వేలకు పైగా బేస్‌బాల్ కార్డులను ఆల్బముల్లో బంకతో అంటించి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఉచితంగా ఇచ్చేశాడు. బంక! ఇలాంటివారి గురించి పిల్లల ముందు మాట్లాడకపోవడమే మంచిది.)

ఈ మూలల సిద్ధాంతానికి ఒక్క చిక్కు మాత్రం ఎదురైంది. పదికి రెండు మార్కులే వచ్చిన మరో వాగ్నర్ కార్డు 2022లో 72.5 లక్షల డాలర్లు పలికింది. అంతకు ముందు ఏడాది, నడిమికి చినిగిపోయిన ఒక సగం ముక్కే 4,75,000 డాలర్లు దాటింది; అంటే గ్రెట్జ్‌కీ నిండు కార్డుకు చెల్లించిన దానికన్నా ఎక్కువ. ఈ లెక్కన మాస్ట్రో చేసిన నేరం కత్తెర పట్టడం కాదు, అంచుల దగ్గరే ఆగిపోవడం. ఇంకొంచెం ధైర్యం చేసి సరిగ్గా మధ్యకు కోసి ఉంటే, ఈపాటికి రెండు కార్డులు అమ్ముకునేవాడు.