ఈరీ సరస్సు గారికి తిరుపతి నుంచి ఒక విన్నపం

ఈరీ సరస్సు గారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి. కానీ నవంబరు వచ్చిందంటే మీ కుశలం, అమెరికాలో మీ తూర్పు ఒడ్డునున్న బఫెలో నగరంలో ఉంటున్న మా అమ్మాయి కుశలం ఒకేసారి కుదరడం లేదు. అందుకని నేరుగా విషయానికే వస్తాను.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మీరు ఎవరూ అడక్కుండానే మంచు పెడుతున్నారు, అదీ కూరి కూరి. కెనడా వైపు నుంచి ఎముకలు కొరికే పొడి గాలి వస్తుంది. వేసవి వేడిని ఇంకా వదలని మీ నీళ్లు దానికి ఆవిరి ఎక్కిస్తాయి. మీ నీటికీ, కిలోమీటరున్నర ఎత్తున ఉన్న గాలికీ మధ్య 13 డిగ్రీల తేడా ఉంటే చాలట, దానధర్మాలు మొదలు. గాలి నైరుతి నుంచి తిరిగిందంటే మీ 388 కిలోమీటర్ల పొడవునా తేమ మేసుకుంటూ వచ్చి, చివరన కూర్చున్న బఫెలో మీద దింపుతుంది. 2022 నవంబరులో ఆ ఊరి పక్కనున్న ఆర్చర్డ్ పార్కులో రెండు మీటర్ల మంచు కురిసింది. మా అల్లుడు అంత పొడుగు కాడు.

సరే, పెట్టేవారు పంక్తిలో అందరికీ సమానంగా వడ్డించాలి కదా? 2014 నవంబరులో దక్షిణ శివార్లకు ఐదడుగులకు పైగా వడ్డించి, ఉత్తరాన ఉన్నవాళ్లకు కొద్ది అంగుళాలతో సరిపెట్టారు. ఇలాంటి తేడాలు మా ఊరికి కొత్త కాదు. సిఫారసు లేఖ ఉన్నవారికీ లేనివారికీ మధ్య రోజూ చూస్తూనే ఉంటాం. మీ దగ్గర ఆ లేఖ ఎవరిస్తారో చెప్పండి, మా అమ్మాయి వీధి మీద పడకుండా ఒకటి పుట్టిస్తాను.

ఒక ఉదయం అమ్మాయి వీడియో కాల్ చేసి ఇంటి తలుపు లోపలికి లాగింది. బయట ఇంకో తలుపు నిలబడి ఉంది. తెల్లటి మంచు గోడ మీద పలకల అంచులు, పిడి గుంట, ఉత్తరాలు వేసే చీలిక సహా అచ్చు దిగాయి. అంత నునుపుగా మా వడ్రంగి కూడా దించలేడు. మా ఆవిడ మాత్రం, “గుమ్మానికి ఎదురుగా గోడా? ద్వారవేధ కాదూ!” అని రెండు రోజులు బెంగపెట్టుకుంది.

మీరు గడ్డకడితే పీడ వదులుతుందని అల్లుడు ధైర్యం చెప్పాడు. నిజమే. ఉత్తర అమెరికాలోని ఐదు మహాసరస్సుల్లో మీదే తక్కువ లోతు, సగటున 19 మీటర్లు. అందరికన్నా తేలిగ్గా మూత పడేది మీకే. మూత పడితే ఆవిరి లేదు, ఆవిరి లేకపోతే వడ్డన లేదు. మీ పొరుగున ఒంటారియో గారు సగటున 86 మీటర్ల లోతు మనిషి, పూర్తిగా గడ్డకట్టడం అరుదు. అందుకే చలికాలమంతా ఆ ఒడ్డువాళ్లకు విస్తరి ఎత్తే వీలుండదు. కానీ మిమ్మల్ని మాత్రం నమ్మేదెలా? 1976 డిసెంబరు సగానికే గడ్డకట్టి, నెలన్నర బుద్ధిగా కూర్చుని, మీ వీపు మీద పేరుకున్న పొడి మంచునంతా 1977 జనవరి 28న గాలికి ఎత్తించి బఫెలో మీద కుమ్మరించారు. మూత పడ్డాక కూడా వడ్డించిన ఘనత మీది.

ఇంతకీ అసలు విషయం వేరే ఉంది. మీ వైశాల్యం దాదాపు 25,700 చదరపు కిలోమీటర్లు. మా పాత చిత్తూరు జిల్లా మొత్తం కలిపినా 15,000 పైచిలుకే. అంత జాగా జనవరిలో చదునుగా, గట్టిగా, చెట్టూ పుట్టా లేకుండా పడి ఉంటే, మీ వాళ్లు దాని మీద గుడారం వేసి, గుండ్రంగా రంధ్రం తొలిచి, చేపలు పట్టుకుని ఇంటికి పోతారట! ఎంత అమాయకులు. మా వైపైతే సంక్రాంతికల్లా హద్దు రాళ్లు పాతి, రంగు జెండాలు కట్టి, ‘తూర్పు ముఖం, నలభై అడుగుల రోడ్లు, బ్యాంకు రుణ సౌకర్యం’ అని బోర్డు నిలబెట్టేవారు. ఏప్రిల్లో కరిగితే కరిగేది కొన్నవాడి సొమ్ము.

నవ్వకండి. మీరు రెండు నెలలు నేలలా నటించి మళ్లీ నీళ్లవుతారు. మా చెరువులు ఒకసారి నేలయ్యాయంటే పట్టాలతో సహా నేలే. ఈశాన్య గాలి బంగాళాఖాతం మీద తేమ మేసి మా కొండల దగ్గర దింపుతుంది, మీ విద్యే. 2021 నవంబరులో అలాగే దింపింది. కపిలతీర్థం జలపాతం దూకిన దూకుడుకు మండపం దెబ్బతింది. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది పల్లెలను ఖాళీ చేయించారు. తిరుపతి కాలనీల్లో వరద నేరుగా ఇళ్లలోకి వచ్చి కూర్చుంది. తన పాత చిరునామాకే వచ్చింది పాపం, ఆ చిరునామాలో గృహప్రవేశాలు అయిపోయాయని దానికెవరూ చెప్పలేదు.

ఈ ఏడు కాస్త తొందరగా గడ్డకట్టండి, వీపు దులుపుకోకండి. నేను అడిగేది అంతే. ఇంకొక్క మాట, జాగ్రత్త కోసం చెబుతున్నాను. మా వీధి చివర స్థలాలు అమ్మే పెద్దమనిషికి గడ్డకట్టిన మీ ఫోటో చూపించాను. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, వేళ్లతో పెద్దది చేసి ఈ మూల నుంచి ఆ మూల దాకా చూసి, “సర్వే నంబరు ఎంతండీ?” అని అడిగారు.

నేను చెప్పలేదు.

ఇట్లు,
తిరుపతి నుంచి ఒక ఆడపిల్ల తండ్రి